సియాటిల్ కుర్రాళ్ళకు ఉన్నదేమిటి, బెజవాడ కుర్రాళ్ళకు లేనిదేమిటి

మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో మూడున్నాయి. కానూరు వైపు ఇంజనీరింగ్ చదువుతున్న మీరు ఐదుగురు కలిసి బ్యాండు పెట్టారు, ఆరు సొంత పాటలు కట్టుకున్నారు, సలహా అడుగుతూ నాకు రాశారు. సియాటిల్ అనే ఒక మూల ఊళ్ళో పుట్టిన రాక్ సంగీతం రెండు మూడేళ్ళలో ప్రపంచమంతా ఎలా పాకింది అన్నది మొదటి ప్రశ్న. అదంతా అదృష్టమేనా అన్నది రెండోది. చేతిలో ఉన్న లక్షన్నరతో హైదరాబాదులో పెద్ద స్టూడియోకు వెళ్ళి ఒక పాట రికార్డు చేయించుకోవాలా అన్నది మూడోది. ఈ మూడోదే మీ అసలు ప్రశ్న అని నా అనుమానం. అయినా వరుసలోనే వస్తాను.

ముందు నేనెవరో చెప్పాలి. 1986 నుంచి పదహారేళ్ళు బెజవాడ, గుంటూరు, తెనాలి ఆర్కెస్ట్రాలలో గిటారు వాయించాను. తరువాత మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారంలోకి దిగి, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. సియాటిల్ ఎన్నడూ చూడలేదు. ఆ ఊరి పాటలు బెసంట్ రోడ్డులో ఒక క్యాసెట్ల కొట్టు ద్వారా నా చేతికి వచ్చేసరికి 1993. అప్పటినుంచి ఆ ఊరి సంగతి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. కారణం భక్తి కాదు, అసూయ. మా దగ్గర కూడా వాయించేవాళ్ళకు కొదవ లేదు కదా, మరి మాకెందుకు జరగలేదు అన్న అసూయ.

అందరూ చెప్పుకునే కథ ఇది. 1991 సెప్టెంబరు 24న నిర్వాణ అనే ముగ్గురు సభ్యుల బ్యాండు ‘నెవర్‌మైండ్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. నాలుగు నెలలు తిరగకుండా, 1992 జనవరి 11 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో, అంటే అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాలను బట్టి వేసే వరుసలో, మైకేల్ జాక్సన్‌ను కిందికి నెట్టి మొదటి స్థానంలో కూర్చుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ పెళ్ళి భోజనం కథ చెప్పమంటే విస్తళ్ళు వేయడం దగ్గర మొదలుపెట్టినట్టుంటుంది. అక్కడ పొయ్యి వెలిగించి అప్పటికి పదేళ్ళయింది.

1990 జనాభా లెక్కల ప్రకారం సియాటిల్ నగర జనాభా 5.16 లక్షలు. ఇప్పటి బెజవాడలో సగం. బోయింగ్ విమానాల కంపెనీ మీద బతికిన ఊరు. ఆ కంపెనీ వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసిన రోజుల్లో, 1971లో, ‘ఊరు విడిచిపోయే ఆఖరి మనిషి దయచేసి లైట్లు ఆర్పి వెళ్ళాలి’ అని రోడ్డు పక్కన పెద్ద బోర్డు పెట్టారు. అమెరికా పటంలో వాయవ్య మూల. పేరున్న బ్యాండ్లలో చాలా వాటికి అంత దూరం రావడం ఖర్చు దండగ అనిపించేది. పైగా నెలల తరబడి ముసురు. వచ్చి వాయించేవాళ్ళు లేనిచోట, ఉన్నవాళ్ళే ఒకరి కోసం ఒకరు వాయించుకోవాలి. ఇంటి కింద నేలమాళిగల్లో, పాత పానశాలల్లో అదే చేశారు.

బెజవాడ కష్టం దీనికి సరిగ్గా తలకిందులు. మనది రైలు జంక్షన్. ముందు మద్రాసు నుంచి, ఆపైన హైదరాబాదు నుంచి, సినిమాల్లో పాడే పెద్దలు ఎప్పుడూ దిగుతూనే ఉన్నారు. గాంధీనగరంలో సినిమా పంపిణీదారుల ఆఫీసులు వీధికి పది. వినోదానికి ఏనాడూ కరువు లేదు, అందువల్ల సొంతంగా వండుకోవలసిన అవసరమూ రాలేదు.

ఇక అసలు సంగతి. సియాటిల్ గొప్పతనం గాయకుల్లో ఉందని మీరు అనుకుంటున్నారు. నేను మాత్రం మైకు ముందు నిలబడని నలుగురైదుగురిలో ఉందంటాను.

మొదటివాడు బ్రూస్ పావిట్. 1980లో, సియాటిల్‌కు కొద్ది దూరంలోని ఒలింపియాలో చదువుకుంటూ, పేరు లేని చిన్న బ్యాండ్ల గురించి ఒక చిరు పత్రిక మొదలుపెట్టాడు. తరువాత సియాటిల్ చేరి, ‘రాకెట్’ అనే స్థానిక సంగీత పత్రికలో అదే విషయం మీద శీర్షిక రాశాడు. 1986లో సబ్ పాప్ అన్న పేరుతో రకరకాల ఊళ్ళ బ్యాండ్ల పాటలు ఒక రికార్డుగా తెచ్చాడు. రెండోవాడు జొనాథన్ పోన్‌మన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారి కేసీఎంయూ రేడియోలో స్థానిక బ్యాండ్ల పాటలే వేసే కార్యక్రమం నడిపేవాడు. దగ్గర కొంచెం డబ్బుంది, సౌండ్‌గార్డెన్ అనే బ్యాండు పాటలు రికార్డుగా తేవాలని ఉంది. ఈ ఇద్దరినీ కలిపింది ఆ బ్యాండు గిటారిస్టు కిమ్ తాయిల్. అలా కలిసిన ఇద్దరూ సబ్ పాప్‌ను రికార్డుల కంపెనీగా నడిపారు. తాయిల్ తల్లిదండ్రులు కేరళ నుంచి అమెరికా వెళ్ళినవారని తెలిసిన రోజు నేను మా ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

మూడోవాడు జాక్ ఎండినో. బలార్డ్ పేటలో మూడు మూలల చిన్న భవనంలో రెసిప్రొకల్ అనే స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీరు. తనకూ ఒక బ్యాండు ఉంది కాబట్టి, వచ్చే కుర్రాళ్ళ జేబులు ఎంత తేలికో తెలుసు. ఎనిమిది ట్రాకుల టేపు మీద, గంటల లెక్కన, ఆర్భాటం లేకుండా పని ముగించేవాడు. నిర్వాణ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో వచ్చింది. దాని రికార్డింగ్ ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు కూడా బ్యాండు దగ్గర లేదు. జేసన్ ఎవర్‌మన్ అనే స్నేహితుడు ఇచ్చాడు. ఆ ఆల్బమ్‌లో అతను ఒక్క తీగ మీటకపోయినా గిటారిస్టుగా అట్ట మీద పేరు వేశారు, ఫొటో కూడా వేశారు. అప్పు తీర్చే పద్ధతుల్లో నేను విన్నవాటిలో ఇది మర్యాదైనది.

నాలుగోవాడు చార్లెస్ పీటర్సన్ అనే ఫొటోగ్రాఫర్. ముప్ఫై మంది ఉన్న గదిలో ఫొటో తీసినా, జుట్టు ఎగురుతూ చెమట చిందుతూ, చూసినవాడికి ‘అయ్యో, నేను లేకపోయానే’ అనిపించేలా తీసేవాడు. సబ్ పాప్ రికార్డుల అట్టల మీద అవే బొమ్మలు. పాట వినకముందే మనిషి ఆ ఊరి మీద మనసు పడేవాడు.

ఒక పత్రిక, ఒక రేడియో, ఒక చవక స్టూడియో, ఒక కెమెరా. ఈ నలుగురూ డబ్బు కోసం రాలేదు, అలాగని త్యాగాలూ చేయలేదు. అందరూ ఇరవైలలో ఉన్నవాళ్ళే, అవే కచేరీలకు వెళ్ళినవాళ్ళే. బ్యాండ్లు కూడా అలాంటివే, మనుషులు కలిసిపోయి ఉండేవారు. 1986లో ‘డీప్ సిక్స్’ అని ఆరు బ్యాండ్ల పాటలతో ఒక రికార్డు వచ్చింది. అందులో ఒకటైన గ్రీన్ రివర్ తరువాత రెండుగా చీలింది. ఒక ముక్క మడ్‌హనీ అయింది, ఇంకో ముక్క మదర్ లవ్ బోన్ అయి, దాని గాయకుడు ఆండ్రూ వుడ్ 1990లో చనిపోయాక పెర్ల్ జామ్‌గా మారింది. మన ఆర్కెస్ట్రాల గొడవలు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఒకే డ్రమ్మరు మూడు ఆర్కెస్ట్రాలలో వాయిస్తూ, ముగ్గురు యజమానుల మీద ముగ్గురికీ చెప్పే రోజులు నేను చూశాను.

అడ్డంకులు వాళ్ళకూ ఉన్నాయి. 1985లో సియాటిల్ నగరపాలక సంస్థ ఒక చట్టం తెచ్చింది. పిల్లలు వచ్చే నృత్య కార్యక్రమాలకు పది లక్షల డాలర్ల బీమా చూపాలి, కాపలా మనుషులను పెట్టాలి. కుర్రాళ్ళ కచేరీలకు అది దాదాపు ఉరితాడే. 2002 దాకా అది అలాగే ఉంది. రాత్రి పది దాటితే మైకు ఆపమని పోలీసులు వస్తున్నారని మీరు రాశారు. ఆ నిబంధన 2000 నుంచి దేశమంతటా ఉంది, రావడం వాళ్ళ పని. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టండి.

మన ఊరిలో ఏమి లేదు అంటే, నిజానికి చాలా ఉంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గిటారు, డ్రమ్స్, కీబోర్డు వాయించేవాళ్ళలో సగం మంది చేయి తిరిగింది చర్చిలో. నేనూ అంతే. గుంటూరులో మా వీధి చివరి చర్చిలో ఆదివారం పొద్దున ఆరాధనకు వాయించే పెద్దాయన నా వేళ్ళు పట్టుకుని తీగల మీద పెట్టాడు. వారం వారం, తప్పకుండా, రెండు మూడు వందల మంది ముందు వాయించే అలవాటు ఏ బడిలోనూ దొరకదు. ఇటు సూర్యారావుపేట, గవర్నరుపేట వైపు కర్ణాటక సంగీతం నేర్పే ఇళ్ళు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రమైతే మన కేసీఎంయూ అని నేను ఘంటాపథంగా చెబుతాను. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, బాలమురళీకృష్ణ గారు పనిచేసిన చోటు అది. సినిమాతో సంబంధం లేని లలిత గీతాలు ఇక్కడే రాసి, ఇక్కడే బాణీ కట్టి, ఇక్కడివాళ్ళ చేతే పాడించి, ఇంటింటికీ చేర్చారు. భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్ళు మన జిల్లాల్లో ఎన్నో. సొంత పాట అంటే జనం వినరు అనేవాళ్ళకు నేను ఎప్పుడూ ఈ మాటే గుర్తుచేస్తాను. విన్నారు, ఏళ్ళ తరబడి విన్నారు.

ఆర్కెస్ట్రాల్లోకి వచ్చేసరికి మాత్రం ఆ తలుపు మూసుకుపోయింది. దసరాకు, వినాయక చవితికి, శ్రీరామనవమికి పందిరి వేసిన కమిటీ వారు మాకు డబ్బిచ్చేది సినిమా పాట రికార్డులో ఉన్నట్టే వినిపించడానికి. ఫ్లూటు ముక్క ఒక్కటి తప్పినా మరునాడు బాకీలో కోత.

1991 దసరాకు, నిర్వాణ ఆల్బమ్ బయటికి వచ్చిన ఆ రోజుల్లోనే (అప్పుడు మాకు ఆ పేరు కూడా తెలియదు), తెనాలి దగ్గర ఒక ఊళ్ళో మా సొంత పాట ఒకటి వాయించాం. కృష్ణ కాలువ మీద పాట. మా కీబోర్డు అతను రాశాడు, బాణీ నాది. పల్లవి అయ్యేసరికి ముందు వరుసలో మాటలు మొదలయ్యాయి. చరణం మధ్యలో చీటీ వచ్చింది. అప్పట్లో శ్రోతలు కావలసిన పాట చీటీ రాసి స్టేజీ మీదికి పంపేవారు. ఆ యేటి పెద్ద సినిమాలో పాట అడిగారు. ఆపేసి అదే వాయించాం. మరుసటి యేడు అదే ఊరు, అదే పందిరి. పదిన్నరకు ఒక చీటీ వచ్చింది, పిల్లల దస్తూరీ. ‘పోయినేడు వాయించిన సినిమాలో లేని పాట’ అని ఉంది. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కీబోర్డు అతను అప్పటికి గల్ఫ్ వెళ్ళిపోయాడు. రెండో చరణం మాటలు ఎవరికీ గుర్తులేవు. ఎక్కడా రాసి పెట్టలేదు, క్యాసెట్లో పట్టలేదు. చీటీ జేబులో పెట్టుకుని ఇంకేదో సినిమా పాట అందుకున్నాం.

ఆ పిల్లవాడు మాకు దొరికాడు, మేమే వాడికి దొరకలేదు. ఎండినో లాంటివాడు ఒక్కడు, రెండు మైకులు, ఒక టేపు రికార్డరుతో మా మధ్య తిరిగి ఉంటే ఆ పాట మిగిలేది. మా పాట గొప్పదని నేను అనడం లేదు. రెండో చరణం నాకు అప్పుడే నచ్చలేదు.

సరే, పానశాలల్లోని సంగీతం ప్రపంచానికి ఎలా ఎక్కింది? ఇక్కడ పావిట్, పోన్‌మన్‌ల వ్యాపార తెలివి చూడాలి. 1988లో ‘సింగిల్స్ క్లబ్’ పెట్టారు. చందా ముందే కడితే నెలకో చిన్న రికార్డు ఇంటికి వస్తుంది. మొదటిది నిర్వాణదే, వెయ్యి ప్రతులే వేశారు. మన పత్రికల వాళ్ళు సంవత్సర చందా ముందే కట్టించుకుని, ఆ డబ్బుతో కాగితం కొన్నట్టన్నమాట. పైగా తక్కువ ప్రతులు వేయడం వల్ల అందనివాళ్ళకు ఆరాటం. 1989లో మెలొడీ మేకర్ అనే బ్రిటిష్ వారపత్రిక విలేకరి ఎవరెట్ ట్రూను ఖర్చులు పెట్టుకుని సియాటిల్ రప్పించారు. ఆయన వెళ్ళి, ఆ ఊళ్ళో ఏదో మహత్తు జరుగుతోందని రాశాడు. ఇంట గెలవడానికి రచ్చ గెలిచారన్నమాట, సామెత తిరగేశారు. లండన్ మెచ్చుకుందని తెలిశాక స్థానికులకు ఆ బ్యాండ్లు కొత్తగా కనిపించాయి. ఆ యేడు జూన్ 9న మూర్ థియేటర్‌లో మడ్‌హనీ, టాడ్, నిర్వాణ ముగ్గురినీ కలిపి కచేరీ పెడితే టిక్కెట్లు అయిపోయాయి. ఊళ్ళో అంత పెద్ద హాలు స్థానిక బ్యాండ్లతోనే నిండుతుందని అప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.

ఈలోగా పెద్ద కంపెనీలు దిగాయి. సౌండ్‌గార్డెన్‌ను ఏ అండ్ ఎం, ఆలిస్ ఇన్ చెయిన్స్‌ను కొలంబియా తీసుకున్నాయి. సబ్ పాప్‌కు పేరు వచ్చింది గానీ డబ్బు రాలేదు. 1991 నాటికి చెక్కులు వెనక్కి వస్తున్న పరిస్థితి. నిర్వాణను గెఫెన్ వారి సంస్థ తీసుకుపోతూ, ఒప్పందం వదులుకున్నందుకు పరిహారంతో పాటు అమ్మకాల్లో చిన్న వాటా ఇచ్చింది. సబ్ పాప్ మునగకుండా నిలిపింది ఆ చిన్న వాటాయే. మీకు ఎవరైనా ఒప్పంద కాగితం చూపిస్తే, చేతికి వచ్చే మొత్తం కన్నా ఆ వాటా గీత దగ్గర ఎక్కువసేపు ఆగండి.

అదృష్టం మాటకొస్తే, ఉంది. అది ఎక్కడుందో చెబుతాను. 1991 మే దాకా బిల్‌బోర్డ్ పట్టిక తయారయ్యే పద్ధతి ఏమిటంటే, కొట్లకు ఫోను చేసి ఏవి బాగా పోతున్నాయని అడగడం. కొట్టువాడు నోటికి వచ్చింది చెప్పేవాడు, కంపెనీ మనిషి చెప్పమన్నది చెప్పేవాడు. గాంధీనగరంలో సినిమా కలెక్షన్ల కబుర్లు విన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ యేడు మే 25 సంచిక నుంచి సౌండ్‌స్కాన్ అనే పద్ధతి వచ్చింది. బిల్లు కొట్టేటప్పుడు గీతల గుర్తు చదివిన యంత్రం లెక్కే లెక్క. దానితో, లేవనుకున్న శ్రోతలు ఒక్కసారిగా అంకెల్లో కనిపించారు. నాలుగు నెలలకు ‘నెవర్‌మైండ్’ వచ్చింది. మొదట అమెరికాలో పంపింది సుమారు 46,000 ప్రతులే, అంటే కంపెనీ కూడా పెద్దగా ఆశపడలేదు. ఎంటీవీ వాళ్ళు ముందు అర్ధరాత్రి కార్యక్రమంలో వేసిన పాటను, ఆపైన పగలూ రాత్రీ తిప్పారు. మిగతాది మీకు తెలుసు. కొలత మారిన వేళకు సరుకు సిద్ధంగా ఉండటం అదృష్టం. సరుకు ఉండటం అదృష్టం కాదు.

తరువాతి కథ నాకు అంత ఇష్టం లేదు, గబగబా చెప్పి వదిలేస్తాను. 1992 నవంబరులో మార్క్ జేకబ్స్ అనే ఫ్యాషన్ డిజైనరు ఆ చలి ఊరి కుర్రాళ్ళ గళ్ళ చొక్కాలను పట్టులో కుట్టించి ప్రదర్శించాడు. అదే నెల న్యూయార్క్ టైమ్స్ విలేకరి, ఒకప్పుడు సబ్ పాప్ ఆఫీసులో పనిచేసిన మేగన్ జాస్పర్‌కు ఫోను చేసి, ‘మీ వాళ్ళ ప్రత్యేక పదాలు’ చెప్పమన్నాడు. అలాంటివేమీ లేవు. విసుగెత్తి ఆవిడ అప్పటికప్పుడు నోటికి వచ్చినవి కల్పించి చెప్పింది. నవంబరు 15న పత్రిక వాటిని అర్థాలతో సహా అచ్చువేసింది. 1994 ఏప్రిల్‌లో నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ చనిపోయాడు, ఇరవై ఏడేళ్ళకే.

అమెరికా దాకా ఎందుకు అంటారేమో, కేరళ చూడండి. అవియల్ అనే బ్యాండు మలయాళంలో రాక్ పాడి 2008లో ఆల్బమ్ తెచ్చింది. అక్కడ కొన్నేళ్ళకు కప్ప టీవీ అనే ఛానెల్ బ్యాండ్ల కచేరీలకే సమయం ఇచ్చింది, తైక్కూడం బ్రిడ్జ్ అలాగే వెలుగులోకి వచ్చింది. అక్కడ కూడా ముందు వేదిక ఉంది, తరువాత పేరు. మలయాళంలో పాడితే ఎవరు వింటారని వాళ్ళను కూడా అడిగే ఉంటారు. మీ ఆరు పాటల్లో నాలుగు ఇంగ్లీషులో ఉన్నాయని రాశారు. మిగతా రెండూ ముందు పాడండి.

ఇప్పుడు లక్షన్నర సంగతి. హైదరాబాదు వద్దు. ఆ డబ్బుతో ఒక్క పాట వస్తుంది, దాన్ని వినే మనిషి రాడు. మీ కాలేజీలోనే ఫొటోలు పిచ్చిగా తీసేవాడు ఒకడు, ఊరికే రాసే అమ్మాయి ఒకరు, కంప్యూటర్ మీద సౌండు మిక్సింగు నేర్చుకున్నవాడు ఒకడు తప్పకుండా ఉంటారు. వాళ్ళను బ్యాండు సభ్యులతో సమానంగా కూర్చోబెట్టుకోండి, డబ్బు వస్తే సమానంగా పంచండి. మైకులను కంప్యూటర్‌కు కలిపే నాలుగు ఛానెళ్ళ ఆడియో ఇంటర్‌ఫేసు ఒకటి, మంచి మైకులు నాలుగు, పాత పరుపులు కట్టిన గది ఒకటి. ఇంత చేసినా సగం డబ్బు మిగులుతుంది. ఆరు పాటలూ ఆ గదిలోనే పట్టండి, తప్పులతో సహా. మిగిలిన డబ్బుతో నెలకొకసారి, ఒకే చోట, ఒకే రోజున కచేరీ పెట్టండి. పటమటలోనో మొగల్రాజపురంలోనో ఏదైనా చిన్న హాలు చాలు, కుర్చీలు యాభై మించకూడదు. మీతో పాటు ఇంకో బ్యాండును పిలవండి, మీకు నచ్చకపోయినా సరే. టిక్కెట్టు యాభై రూపాయలైనా పెట్టండి, ఉచితం వద్దు.

మొదటి మూడు నెలలు మైకు సెట్టు నేను పంపిస్తాను. ఆటో కిరాయి మీదే. బాక్సుల మీద టీ గ్లాసులు పెట్టకూడదు. ప్రతి కచేరీనీ మొదటినుంచి చివరిదాకా రికార్డు చేసి, ఒక ప్రతి నాకు ఇవ్వాలి.